గుడ్డ టాప్ జీపు, జీవామృతం డ్రమ్ము: ఏడేండ్ల లెక్క, నేను చేసిన తప్పులు



బత్తాయి తోటలో ఘనజీవామృతం వేసే వీడియో పెట్టినప్పటి నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తున్నది. "అన్నా, ఎనక నిలబెట్టిన గుడ్డ టాప్ జీపు మీదేనా? మా అసోంటోళ్లు తీసుకోవచ్చా? ఖర్చు ఎట్లుంటది?" అని. అందుకే ఈసారి వీడియోలో పంట చూపించలేదు, బండి చూపించిన. మ్యాట్లు తీసి, టాప్ విప్పి, కిందికి దూరి అన్నీ చూపించిన. వీడియో చూసే తీరిక లేనివాళ్ల కోసం అదే విషయం ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ఈ ప్రశ్న నన్ను మొదట అడిగింది మా నాయిన. 2018లో బండి ఇంటికి తెచ్చిన రోజు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "యూరియా పైసలు, మందుల పైసలు మిగిలినయని సంబురపడితిమి. ఆ పైసలన్నీ గీ జీపుకు పోస్తవారా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఏడేండ్ల తర్వాత ఇప్పుడు ఉంది, కానీ ఒక్క ముక్కలో చెప్పేది కాదు. ముందు నేను చేసిన తప్పులు వినండి.

బండి ఏది, ఎందుకు

మాకు రెండు చోట్ల భూమి ఉంది. ఇంటికాడ చెల్క దేవరకొండ వైపు. బత్తాయి తోట డిండి వైపు, తొమ్మిది కిలోమీటర్లు. అందులో ఆరు కిలోమీటర్లు తారు రోడ్డు. మిగతా మూడు బండ్లబాట, గుండ్లు తేలిన దారి, మధ్యలో ఒక వాగు. ఆవులు ఇంటికాడ, తోట అక్కడ. అంటే పేడ, మూత్రం అక్కడికి చేరాలి. వారానికి ఒకసారి కూరగాయలు, పప్పులు, పల్లినూనె మాల్ మీదుగా హైదరాబాద్‌కు పోవాలి. టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు క్యాన్లు పెట్టుకొని రెండేండ్లు తిరిగినం. వానకాలం ఆ బాటలో ఆటో రాదు. ట్రాక్టరు కిరాయికి చెబితే మనకు కావాల్సిన రోజు దొరకదు.

అందుకని సెకండ్ హ్యాండ్‌లో 2014 మోడల్ మహీంద్రా థార్ తీసుకున్న. 2498 సీసీ డీజిల్ ఇంజన్, 105 హార్స్ పవర్, ఫోర్ వీల్ డ్రైవ్, వెనక కమాన్ పట్టీలు, ఎదురుబొదురుగా బెంచీ సీట్లు. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో విల్లీస్ జీపులతో మొదలుపెట్టిన వరుసలోనే 2010లో ఈ థార్ వచ్చింది. 2020 అక్టోబర్ 2న పూర్తిగా మారిన కొత్త థార్ వచ్చింది. దాన్ని గుడ్డ టాప్‌తోనూ, గట్టి టాప్‌తోనూ తెచ్చారు. నేను చెప్పేది ఎక్కువగా పాత బండి అనుభవం. టాప్, తుప్పు, దుమ్ము సంగతులు మాత్రం ఏ గుడ్డ టాప్ బండికైనా ఒకటే, పాత మేజర్ జీపుకైనా సరే.

గుడ్డ టాప్ ఎందుకంటే, విప్పితే బండి ట్రాలీ లెక్క అవుతుంది. డ్రిప్ పైపు చుట్టలు, మామిడి మొక్కలు, బొంగులు ఏవైనా నిలువుగా పడతాయి. పేడ, మూత్రం వాసన లోపల నిలవదు. చిరిగితే మన ఊరి పక్క టౌన్‌లో సీటు కవర్లు కుట్టేవాళ్లే కుట్టిస్తారు. ఇవి లాభాలు. నష్టాలు ఇప్పుడు చెబుతా.

మొదటి తప్పు: నీళ్లను మోయడం

పాలేకర్ గారి పద్ధతిలో ఎకరానికి జీవామృతం లెక్క మీకు తెలిసిందే. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మట్టి. నేను ఇంటికాడనే డ్రమ్ములో తయారుచేసి, నిండు డ్రమ్మును జీపులో ఎక్కించి తోటకు తీసుకపోయేవాణ్ని. కొత్త బండి మోజు కదా, దానితో ఏదైనా మోయొచ్చు అనుకున్న.

రెండో ఏడు శ్రావణంలో ఒక రోజు డ్రమ్ము మూడు వంతులే నింపినం. నిండా ఉంటే తొణికి పోతుందని. వెనక బెంచీ మీద మా మేనల్లుడు కూసొని డ్రమ్మును పట్టుకున్నడు. వాగు దిగి ఒడ్డు ఎక్కుతూ బండిని పక్కకు తిప్పంగనే లోపలి నీళ్లన్నీ ఒక్కసారి ఒక పక్కకు కొట్టినయి. డ్రమ్ము జారింది. బండి ఎడమ పక్కకు ఒరిగి, గట్టుకు ఆనుకొని ఆగింది. గట్టు లేకుంటే బోర్లా పడేదే. పిల్లగాని కుడిచేయి డ్రమ్ముకు, బెంచీ ఇనుముకు మధ్య పడి రెండు వేళ్లు నలిగినయి. నెల రోజులు కట్టుతో తిరిగిండు. మా అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ రాత్రి కూసొని లెక్క వేసిన. నిండు డ్రమ్ము బరువు దాదాపు 220 కిలోలు, అంటే ముగ్గురు మనుషుల కంటే ఎక్కువ. అందులో 200 కిలోలు నీళ్లే. తోటలో బోరు ఉంది! బోరు ఉన్న చోటికి నేను నీళ్లు మోస్తున్న. మనకు కావాల్సిన అసలు సరుకు ఇరవై అయిదు కిలోలకు మించదు.

వెలితి డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదం. నిండుగా ఉన్న నీళ్లు కదలవు. వెలితిగా ఉంటే బండి ఎటు ఒరిగితే అటే ఉరుకుతాయి, ఒరిగినదాన్ని ఇంకా ఒరిగిస్తాయి. పైగా డ్రమ్ము ఎత్తుగా ఉంటుంది కాబట్టి బరువంతా పైన నిలుస్తుంది. జీపు అసలే ఎత్తు బండి. ఇంకో సంగతి, జీవామృతం పులుస్తూ గాలి వదులుతుంది. మూత గట్టిగా బిగిస్తే ఎండకు ఉబ్బి ఎగిరిపోతుంది. వదులుగా పెడితే తొణుకుతుంది.

ఇప్పుడు మా పద్ధతి ఇది. డ్రమ్ములు తోటలోనే నీడకు శాశ్వతంగా పెట్టినం. జీపులో పోయేది పేడ తట్ట, మూత్రం 10 లీటర్ల క్యాన్లలో, బెల్లం, పిండి. కలిపేది అక్కడనే, తిప్పేది అక్కడనే. ఏదైనా ద్రవం మోయక తప్పకపోతే చిన్న క్యాన్లలో నిండుగా పోసి, వెనక ఇరుసు కంటే ముందుకు, నేలకు ఆనించి, పట్టీతో కొక్కేలకు కట్టాలి. వెనక మనుషులుంటే బరువు ఎక్కించొద్దు, బరువుంటే మనుషులను ఎక్కించొద్దు.

బండి మెయింటెనెన్స్‌లో మొదటి పాఠం నాకు గ్రీజు గన్ కాడ దొరకలేదు, ఇక్కడ దొరికింది. అవసరం లేనిది ఎక్కించకపోవడమే మొదటి మెయింటెనెన్స్.

రెండో తప్పు: మ్యాటు కింద చూడకపోవడం

మూడో ఏడు బండి ఒక్కో రోజు స్టార్ట్ అయ్యేది, ఒక్కో రోజు కాకపోయేది. మా మెకానిక్ చాచా వెనక మ్యాటు ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో నేలను పొడిచిండు. అప్పడంలో దిగినట్టు దిగింది. "సాబ్, గుండ్లు ఈ బండిని ఏం చేయలే. మీ గోమూత్రమే తిన్నది" అన్నడు.

ఎందుకు తింటదో అర్థం చేసుకుంటే ఆపడం సులువు. మూత్రంలో ఉప్పులు ఉంటాయి. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, తడి ఉప్పు కింద ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. మూత్రంలోని యూరియా నిల్వ ఉన్నకొద్దీ అమోనియా అవుతుంది. ఆ ఘాటు అదే. అమోనియా రాగిని, ఇత్తడిని తింటుంది. వైర్ల చివర్లు, ఎర్త్ కనెక్షన్లు పచ్చగా మారేది అందుకే. మా బండి స్టార్ట్ కాకపోవడానికి కారణం బ్యాటరీ కాదు, ఎర్త్ వైరు చివర. ఇక పులిసిన జీవామృతంలో ఆమ్లాలు, బెల్లం జిగట. ఈ మూడింటినీ మ్యాటు కింద మూసిపెట్టి, మీద గుడ్డ టాప్ కుట్ల నుంచి వాన చినుకులు పోస్తే ఏమవుతుంది? భూమికి ఏది అమృతమో అదే ఇనుముకు విషం.

కుళ్లిన ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి, రంగు వేయించే వరకు 18 వేలు అయింది. అప్పటి నుంచి పాటిస్తున్నవి:

1. వెనక నేల మీద సిల్పాలిన్ షీటు. అజోలా తొట్టికి వేసేదే. అంచులు నాలుగు వైపులా జానెడు పైకి లేపి తొట్టి లెక్క పెట్టినం. ఒలికినా ఇనుమును తాకదు, షీటు ఎత్తి బయట కడిగేయొచ్చు.

2. ఒలికిన రోజే మంచినీళ్లు. ఎండిన తర్వాత గుడ్డతో తుడిస్తే ఉప్పు పోదు. నీళ్లు ధారగా పోయాలి, నేలకున్న రబ్బరు బిరడాలు తీసి కిందికి వదలాలి.

3. కడిగిన తర్వాత బిరడాలు వెంటనే పెట్టొద్దు. టాప్ పక్కలు ఎత్తి, మ్యాట్లు తీసి, పూట ఎండలో ఆరనివ్వాలి. ప్రెషర్ పంపు ధార ఫ్యూజుల పెట్టె మీద, వైర్ల మీద కొట్టొద్దు.

4. ఎక్కడ బుడిపె లేచినా అప్పుడే వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, దాని మీద రంగు. మన గేటుకు చేసేదే, బండికి ఎందుకు చేయం?

5. కాలిన ఇంజన్ ఆయిల్ కింద పూయొద్దు. చాలామంది పూస్తారు. అది రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది, మన పొలంలో చుక్కలు చుక్కలుగా రాలుతుంది. ప్రకృతి వ్యవసాయం చేసే చోట ఆ పని మనకు తగదు.

టాప్: ఎండ, కోతులు, ఎలుకలు

మన నల్లగొండ, పాలమూరు ఎండ రెగ్జిన్‌కు పెద్ద శత్రువు. రెగ్జిన్‌ను మెత్తగా ఉంచే పదార్థం ఎండకు మెల్లగా ఇగిరిపోతుంది. అప్పుడది పెళుసై, మడత పెట్టిన చోట పగులుతుంది. డీజిల్‌తో తుడిస్తే మెరుస్తదని ఎవరో చెబితే నేను కూడా తుడిచిన. నాలుగు రోజులు మెరిసింది, ఆర్నెల్లకు పొట్టు లేచింది. డీజిల్, పెట్రోలు, థిన్నర్, బట్టల సోడా ఏదీ వద్దు. గోరువెచ్చని నీళ్లలో కారు షాంపూ, లేదంటే పల్చటి కుంకుడు రసం. మెత్తటి బ్రష్‌తో రుద్ది, రసం మిగలకుండా కడగాలి. మీద కొట్టిన వేప నూనె, కషాయాల మరకలు అదే రోజు కడగాలి.

తడి టాప్‌ను చుట్టి పెట్టొద్దు. గడ్డివాము తడిస్తే ఏమవుతుందో దీనికీ అదే. బూజు పట్టి కుట్టుదారం కుళ్లుతుంది. టాప్ బిగించేది ఎండ పూట, రెగ్జిన్ వెచ్చగా, మెత్తగా ఉన్నప్పుడు. చలికాలం పొద్దున బలవంతంగా గుంజితే బటన్ల దగ్గర చినుగుతుంది. వదులుగా వదిలేస్తే సాగర్ రోడ్డు మీద గాలికి టపటపా కొట్టుకొని కుట్లు తెగుతాయి.

ప్లాస్టిక్ కిటికీలను పొడి గుడ్డతో తుడవొద్దు. దుమ్ములోని ఇసుక గీతలు పెడుతుంది, రాత్రి వెనక లైట్లు పడితే ఏమీ కనపడదు. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనిచ్చి, తర్వాత తడి మెత్తటి గుడ్డ. మడిచేటప్పుడు మధ్యలో పాత పంచె ముక్క వేయాలి. జిప్పులకు నెలకోసారి కొవ్వొత్తి రుద్దితే చాలు. గ్రీజు పెడితే దుమ్ము పట్టి ఇరుక్కుంటుంది.

ఇక కోతులు. మన ఊర్లలో కోతుల బాధ చెప్పాల్సిన పని లేదు. ఒకసారి లోపల జామకాయల గంప పెట్టి, బోరు దగ్గరికి పోయి వచ్చేసరికి టాప్‌ను నిలువునా చీల్చి పెట్టినయి. కొత్తది కుట్టించడానికి 15 వేలు. అప్పటి నుంచి పండ్లు ఉంటే ఒకరు బండి దగ్గరే ఉంటారు, లేకపోతే బండి రేకుల షెడ్డులో ఉంటుంది. రాత్రి షెడ్డులో కూడా లోపల గింజ ఉండొద్దు. పల్లికాయ బస్తా దింపి ఊడ్వకపోతే గింజల కోసం ఎలుకలు వచ్చి, గింజలు తిని, వైర్లు కొరికినయి. దానికి 6,500. అన్నిటికంటే ముఖ్యం, గుడ్డ టాప్‌కు తాళం లేదు. కత్తి ఉన్నోడికి అది తలుపు కాదు. విలువైనది ఏదీ రాత్రిపూట లోపల ఉంచొద్దు.

దుమ్ము: సరుకుకు, ఇంజన్‌కు

వెనక తెర ఎత్తి, ముందు అద్దాలు మూసి తోలితే లోపల అంతా దుమ్మే. చాలామందికి ఇది అర్థం కాదు. బండి ముందుకు పోతుంటే వెనక గాలి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ రోడ్డు మీది దుమ్మును, సైలెన్సర్ పొగను కూడా లోపలికి గుంజుతుంది. పాలకూర మీద ఎర్రదుమ్ము, మనకు తలనొప్పి రెండూ అక్కడివే. ఆ పొగ ప్రాణానికి కూడా మంచిది కాదు. వెనక తెర మూసి, ముందు కిటికీలు కొంచెం తెరిచి తోలండి. కూరగాయల క్రేట్ల మీద తడిపి పిండిన గోనెపట్టా కప్పితే దుమ్మూ ఆగుతుంది, చల్లగానూ ఉంటుంది.

ఎండాకాలం చెల్కల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు. పదిహేను రోజులకోసారి తీసి చూడాలి. గోడకేసి కొట్టొద్దు, కాగితం నలిగి సందు పడితే ఇంజన్ దుమ్ము తింటుంది. గాలి కొట్టేది లోపలి నుంచి బయటికి, మెల్లగా. రెండు మూడు సార్ల తర్వాత కొత్తది వేయాలి.

ఫోర్ వీల్, వాగు, సర్కారు తుమ్మ

ఫోర్ వీల్ గేరు తారు రోడ్డు మీద వేయొద్దు. ఈ బండిలో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే వేగంతో బిగుసుకుంటాయి. మలుపులో ముందువి ఎక్కువ దూరం తిరగాలి, తిరగలేవు. మెత్తటి నేల మీద చక్రం జారి సర్దుకుంటుంది, తారు మీద ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. అట్లని ఏడాది పొడవునా వాడకుండా పెట్టొద్దు. నెలకోసారి పొలంలో అర కిలోమీటరు ఫోర్ వీల్‌లో తిప్పితే ఆయిల్ అన్నిటికీ అంది, సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి.

ఎండలో నడిచిన బండి ఇరుసులు వేడిగా ఉంటాయి. ఆ వేడి మీద వాగులో దించితే లోపలి గాలి చల్లబడి కుంచించుకొని నీళ్లను గుంజుకుంటుంది. ఒడ్డున పది నిమిషాలు ఆపి దిగండి. తర్వాత డిఫరెన్షియల్ ఆయిల్ చూడండి. పాలు పోసిన చాయ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, వెంటనే మార్చాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు గ్రీజు కొట్టి, పాత నీళ్ల గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. బ్రేకులు ఆరేదాకా మెల్లగా తొక్కుతూ పోవాలి.

కొత్త థార్ 650 మిల్లీమీటర్ల లోతు దాకా పోతుందని కంపెనీ చెబుతుంది. అది కొలిచిన నిలకడ నీళ్ల లెక్క. ఎర్రనీళ్లు పారే వాగుకు ఏ లెక్కా లేదు. పారే నీళ్లలో బండి తేలుతుంది, తేలిన చక్రానికి ఫోర్ వీల్ ఉంటే ఏంటి, లేకుంటే ఏంటి? కల్వర్టు మీద నీళ్లు పోతుంటే వెనకకు తిప్పుకోండి. జీవామృతం ఒక రోజు ఆలస్యమైతే పంట పోదు.

సర్కారు తుమ్మ ముళ్లు మన దగ్గర అసలు పరీక్ష. పంచర్ కిట్, గాలి పంపు, స్టెప్నీలో గాలి, ఈ మూడూ చూడకుండా తోటకు పోవద్దు. ముల్లు గుచ్చుకుంటే తోటలో పీకొద్దు, గాలి నిలిచి ఉంటే రోడ్డెక్కిన తర్వాత చూసుకోవచ్చు.

మనుషుల సంగతి

ఇది అన్నిటికంటే ముఖ్యం. గుడ్డ టాప్ ఎండను ఆపుతుంది, వానను ఆపుతుంది, బోర్లా పడితే మనిషిని ఆపదు. మా మోడల్‌లో ఎయిర్‌బ్యాగులు లేవు, వెనక ఎదురుబొదురు బెంచీలు. 2018లో ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలంలో, జూన్‌లో వేములకొండ దగ్గర, కూలి పనికి పోయే ఆడవాళ్లతో ఉన్న ట్రాక్టర్లు కాలువల్లో పడ్డయి. ఆ ఊర్లు ఇంకా కోలుకోలేదు. అవి జీపులు కావు, కానీ సంగతి ఒకటే: సరుకు బండిలో మనుషులు, కాలువ గట్టు మీద తొందర. పత్తి ఏరేటప్పుడు "అన్నా, మేము పదిమందిమే, ఎక్కించుకో" అంటారు. నేను రెండు తడవలు తిరుగుతా గానీ సీట్లకు మించి ఎక్కించను. డీజిల్ ఎక్కువ అయినా సరే.

పెద్ద టైర్లు, ఎత్తు లేపడం, ఇనుప బంపర్లు కూడా వద్దు. ఎత్తు పెరిగితే ఒరగడం సులువవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర మనమే ఇరుక్కుంటం.

కార్తెల ప్రకారం మా పని

మనకు తేదీలు గుర్తుండవు, కార్తెలు గుర్తుంటాయి. అందుకని మేము ఇట్ల పెట్టుకున్నం.

రోహిణి కార్తెలో, మృగశిర రాకముందే: టాప్ కుట్లన్నీ నీళ్లు పోసి చూడటం, కారే చోట మైనం రుద్దడం, నేల కింద తుప్పు గీకి రంగు వేయడం, వైపర్ రబ్బర్లు, బ్రేకులు.

వానకాలం పొడవునా: వారానికోసారి మ్యాట్లు ఎత్తి ఆరబెట్టడం, వాగు దాటిన ప్రతిసారీ గ్రీజు, నెలకోసారి బ్యాటరీ, ఎర్త్ వైర్ల చివర్లు శుభ్రం చేసి వాసెలిన్ పూయడం.

దసరాకు: మనం ఎట్లాగూ ఆయుధపూజకు బండి కడుగుతం. ఆ రోజే కింద కూడా కడిగి, ఆయిళ్లన్నీ చూడటం. పైన పసుపు, కుంకుమ పెట్టి కింద బురద వదిలేస్తే ఏం పూజ?

యాసంగిలో, ఎండలు ముదిరే ముందు: ఎయిర్ ఫిల్టర్, రేడియేటర్ జాలీలో ఇరుకున్న గడ్డి పొట్టు, కూలెంట్, టైర్లలో గాలి. బండి ఎండలో నిలబెట్టకుండా షెడ్డు.

నాయిన ప్రశ్నకు జవాబు

ఇప్పుడు లెక్క. మా ఎనిమిది ఎకరాల మీద ఎరువులు, మందులు కొనకపోవడం వల్ల ఏడాదికి 50 వేల దాకా మిగులుతది. మూడో ఏడు నేల రేకుకు 18 వేలు, టాప్‌కు 15 వేలు, వైర్లకు 6,500. మొత్తం 39,500. ఆ ఏడు నాయిన మాట అక్షరాలా నిజమైంది. మిగిలిన పైసలను జీపు తిన్నది. అయితే ఈ మూడింటిలో ఏదీ బండి లోపం కాదు, మూడూ నా నిర్లక్ష్యమే. ఆ తర్వాతి నాలుగేండ్లలో సర్వీసు, గ్రీజు, చిన్న రిపేర్లు కలిపి ఏడాదికి 15 వేలు దాటలేదు. డీజిల్, ఇన్సూరెన్స్ వేరే. బదులుగా ట్రాక్టరు కిరాయి పోయింది, వారం వారం సరుకు నేరుగా తినేవాళ్ల ఇంటికి చేరుతున్నది.

కాబట్టి నా మాట ఇది. పొలం ఒకే చోట ఉండి, దారి బాగుండి, సరుకు ఊర్లోనే అమ్మేవాళ్లకు ఈ బండి అక్కర్లేదు. అప్పు చేసి అసలే వద్దు. ఆ పైసలతో ఇంకో ఆవును కొనుక్కోండి. తోట దూరముండి, బాట లేక, సరుకు మీరే అమ్ముకునేవాళ్లయితే తీసుకోవచ్చు, వారానికి ఒక గంట దాని కింద కూర్చునే ఓపిక ఉంటేనే. సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు రంగు, టైర్లు కాదు, మ్యాటు ఎత్తి నేల చూడండి. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకొని పోండి.

మొన్న దసరాకు నాయిననే బండి కడిగిండు. ఎద్దులను కడిగినట్టే, కాళ్ల సందుల నుంచి మొదలుపెట్టి పైకి. బిరడాలు తీసి నీళ్లు వదిలి, "దీని కాళ్లు చూసుకోవాలె బిడ్డా, ఒళ్లు దానంతటదే బాగుంటది" అన్నడు. నేను ఏడేండ్లలో నేర్చుకున్నది ఆయనకు ముందే తెలుసు.